పాత ఫ్రెంచి ఉత్తరాలు చదవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

మసులా_తీరం

బందరు బట్టల వ్యాపారం మీద పరిశోధన చేస్తున్నాను. 1669లో గోల్కొండ సుల్తాను ఫర్మానాతో ఫ్రెంచి కంపెనీ బందరులో కోఠీ, అంటే వ్యాపార కేంద్రం తెరిచింది. 1759లో ఇంగ్లీషువాళ్ళు కోటను పట్టుకున్నారు. ఈ తొంభై ఏళ్ళే నా కాలం. ఇంగ్లీషు కంపెనీ కాగితాలు బాగానే చదివాను. ఫ్రెంచివైపు మాత్రం ఎవరో రాసినదాన్ని తిరిగి రాయడం తప్ప నా కళ్ళతో చూసింది ఒక్క పేజీ లేదు. అసలు కాగితం చదవకుండా ఆ అధ్యాయం జోలికి పోవద్దని మా గైడు గట్టిగా చెప్పారు.

నాలుగు నెలల క్రితం సాయంత్రపు తరగతిలో చేరాను. నా పేరు ఫలానా, నాకు ఇద్దరు అన్నలు, ఒక కాఫీ ఇవ్వండి, స్టేషనుకు దారి ఎటు? ఇవి చెప్పగలను. కానీ బందరు కోఠీ నుంచి వెళ్ళిన ఉత్తరం అచ్చుప్రతి ముందు పెట్టుకుంటే మొదటి వాక్యంలోనే మునిగిపోయాను. "ఇల్ న రెస్త్ క దీ బాల్ ద త్వాల్" అని ఉంది. "న" కనిపించగానే లేదు అనుకున్నాను. "బాల్" అంటే తూటా అని నిఘంటువులో మొదటి అర్థం. దాంతో తూటాలు అయిపోయాయని చిత్తుప్రతిలో రాసి, కోఠీ రక్షణ బలహీనపడిందని ఒక పేరా కూడా అల్లాను. గైడు ఎర్రసిరాతో సున్నా చుట్టి పంపారు. ఆ వాక్యానికి అసలు అర్థం: పది బేళ్ళ బట్ట మాత్రమే మిగిలింది.

రెండు రోజులు నిద్ర పట్టలేదు. నాకు మాట్లాడటం అక్కర లేదు, చదవడం రావాలి. ఏడాది గడువు ఉంది. ఈ దారిలో నడిచినవాళ్ళు చెప్పండి.

సందేహాలరావు

ఏడాది ఎందుకు వృథా చేసుకోవడం? పేజీ ఫొటో తీసి అనువాద యంత్రానికి ఇస్తే అర నిమిషంలో ఇంగ్లీషులో వస్తుంది. ఆ సమయం పరిశోధనకే పెట్టండి.

పాతకాగితాలు

రావుగారూ, ఆ పనీ చేసి చూశాను. ఒక లెక్కల కాగితంలో "సాఁక్ సాఁ పగోద్" అని ఉంది. యంత్రం "ఐదు వందల పగోడాలు" అని ఇచ్చింది. ఫ్రెంచిలో పగోద్ అంటే గుడి, మన వరహా నాణెం కూడా. అద్దకందారులకు ఐదు వందల వరహాలు అడ్వాన్సు ఇచ్చారన్నది అసలు సంగతి. యంత్రాన్ని నమ్మి ఉంటే ఐదు వందల గుళ్ళు దానం చేసేవాణ్ణి.

యంత్రం వాడవద్దని అనను. అది తప్పు చెప్పినప్పుడు పట్టుకునేంత చదువు మనకు ఉండాలి. ఆ చదువు లేనివాడి చేతిలో అది మరీ ప్రమాదం, ఎందుకంటే తప్పును కూడా చక్కని వాక్యంలో పెట్టి ఇస్తుంది.

గణితప్రేమి

నేను చరిత్ర మనిషిని కాదు. బీజీయ జ్యామితిలో గణితవేత్త గ్రోతెన్‌డీక్ రాసినవి ఫ్రెంచిలోనే చదవాల్సి వచ్చి నేర్చుకున్నాను. మూడు నెలల్లో పని నడిచింది. గణితంలో వాక్యాలు పొట్టివి, మాటలు మళ్ళీ మళ్ళీ వస్తాయి. "స్వా" అంటే "అనుకుందాం". "కోర్" మామూలుగా శరీరం, మా దగ్గర మాత్రం ఇంగ్లీషులో ఫీల్డ్ అనేది.

ఒకటి మాత్రం నన్ను వారం రోజులు ఏడిపించింది. ఫ్రెంచి గణితంలో "పోజితీఫ్" అంటే సున్నా కూడా కలుస్తుంది. సున్నా కంటే ఖచ్చితంగా ఎక్కువ అని చెప్పాలంటే "స్ట్రిక్త్‌మాఁ" అని ముందు చేరుస్తారు. ఇది తెలియక ఒక సిద్ధాంతానికి ప్రతిఉదాహరణ దొరికిందని సంబరపడి నలుగురికి చెప్పాను కూడా. నేను గమనించింది ఇదే: తెలియని మాట దగ్గర ఆగి నిఘంటువు తీస్తాం కనుక దానితో ఇబ్బంది లేదు. తెలుసనుకున్న మాటే ముంచుతుంది.

అనువాదిని

మసులా_తీరం గారూ, మీ తరగతిని తప్పుపట్టను. అది మాట్లాడటానికి పెట్టింది, మీకు కావలసింది వేరు. చదవడానికి నేర్చుకునే పద్ధతి విడిగా ఉంది. క్రియారూపాలను గుర్తుపట్టగలిగితే చాలు, పుట్టించనక్కర లేదు. ఉచ్చారణ కూడా మీకు తర్వాతి సంగతి.

నేను పదిహేనేళ్ళుగా ఫ్రెంచి నుంచి తెలుగులోకి తెస్తున్నాను. మొదటి ఐదేళ్ళు చేసిన పెద్ద తప్పు, ఫ్రెంచిని మనసులో ఇంగ్లీషు చేసుకుని దాన్ని తెలుగులో పెట్టడం. రెండు గడపలు దాటేసరికి అర్థం సగం రాలిపోతుంది. ఒకరోజు ఒక చిన్నమాట దగ్గర కళ్ళు తెరుచుకున్నాయి. "ఓఁ దీ" అని ఉంది. ఇంగ్లీషులో దీనికి కర్త కోసం వెతుక్కోవాలి, లేదా వాక్యాన్ని కర్మణిలోకి తిప్పాలి. తెలుగులో "అంటారు" అంటే అయిపోయింది. ఎవరంటారో చెప్పనక్కర లేదు. ఫ్రెంచివాడు అడిగిందీ అంతే.

అలాంటివి తర్వాత వరసగా కనిపించాయి. "దప్యుయి" అనే మాట వచ్చినప్పుడు ఫ్రెంచివాళ్ళు క్రియను వర్తమానంలోనే ఉంచుతారు. మనమూ "పదేళ్ళ నుంచి బందరులో ఉంటున్నాడు" అనే అంటాం. ఇంగ్లీషు మీదుగా వచ్చినవాళ్ళు ఇక్కడ కాలాలన్నీ కలగాపులగం చేసుకుంటారు. "షే" అనే మాటకు ఇంగ్లీషులో ఒక్క మాట లేదు. మనకు "మామయ్య దగ్గర ఉంటున్నాడు" అనడం పుట్టుకతో వచ్చినదే. "త్యు", "వూ" అంటే నువ్వు, మీరు. ఫ్రెంచి సేనాని బుస్సీ ఎవరిని మీరన్నాడో, ఎవరిని నువ్వన్నాడో ఇంగ్లీషు అనువాదంలో కనపడదు, తెలుగులో కనపడుతుంది.

ఎదురుతిరిగేవి కూడా ఉన్నాయి. "సోఁ ఫిస్" అంటే అతని కొడుకా, ఆమె కొడుకా? ఆ "సోఁ" కొడుకును బట్టి మారుతుంది తప్ప తల్లినో తండ్రినో బట్టి కాదు. వారసత్వ తగాదా కాగితంలో ఇది ప్రాణం మీదికి తెస్తుంది. తెలుగులో ఏదో ఒకటి రాయక తప్పదు, కాబట్టి పై వాక్యాలకు వెళ్ళి తేల్చుకోవాలి.

సందేహాలరావు

యంత్రం సంగతిలో ఒప్పుకుంటున్నాను, పగోడాలు నన్ను మార్చాయి. ఇంగ్లీషు మీద మీరు చెప్పింది మాత్రం ఒప్పుకోను. అద్మినిస్త్రాసియోఁ, కొమెర్స్, గూవెర్నర్... వేల మాటలు ఇంగ్లీషు తెలిసినవాడికి ఉచితంగా వస్తాయి. మంచి వ్యాకరణ పుస్తకాలూ, నిఘంటువులూ ఇంగ్లీషులోనే ఉన్నాయి. ఫ్రెంచి-తెలుగు నిఘంటువు కొనడానికి వెళ్తే ఏం దొరుకుతుంది?

అనువాదిని

మాటల వరకు ఇంగ్లీషు సాయం తీసుకోండి, కాదనను. వాక్యం కట్టు దగ్గర దాన్ని బయట నిలబెట్టండి అంటున్నాను. ఆ ఉచితపు మాటల్లోనూ బాకీలు ఉన్నాయి. "ఆక్త్యుఎల్‌మాఁ" అంటే నిజానికి అని కాదు, ప్రస్తుతం అని. "అసిస్తే" అంటే చాలాచోట్ల సాయం చేయడం కాదు, హాజరుకావడం. ఒక సభకు గవర్నరు హాజరయ్యాడని ఉంటే, గవర్నరు సభకు సాయం చేశాడని రాసిన వ్యాసం నేను సరిదిద్దాను.

ఓరుగల్లు_నుంచి

అమెరికాలో పీహెచ్‌డీ చేస్తున్నాను. మా విభాగంలో రెండో భాష చదవగలనని పరీక్ష రాయాలి. నిఘంటువు ఇస్తారు, రెండు గంటల్లో ఒక పేజీన్నర అనువదించాలి. ఆరు నెలలు రోజూ గంట కూర్చుని గట్టెక్కాను. కానీ అది నేటి ఫ్రెంచి. అక్కగారు అడుగుతున్నది మూడు వందల ఏళ్ళ నాటిది. రెండూ ఒకటేనా?

ఏక్స్‌వాసి

ఒకటి కాదు, అయితే భయపడేంత దూరమూ లేదు. నేను దక్షిణ ఫ్రాన్సులో ఏక్స్-ఆఁ-ప్రొవాఁస్‌లో ఉంటున్నాను. ఫ్రెంచివాళ్ళ వలసపాలన కాగితాలను దాచిన జాతీయ అభిలేఖాగారం ఈ ఊళ్ళోనే ఉంది. ఇండియా నుంచి వచ్చిన ఉత్తరాలు అక్కడ సి2 అనే శ్రేణిలో ఉన్నాయి. వృత్తి వేరైనా సెలవుల్లో వెళ్ళి బుస్సీ కాలం నాటి కట్టలు చూస్తుంటాను. మన ఊళ్ళ పేర్లు ఆ సిరాలో కనపడినప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది.

ముందు వర్ణక్రమం. ఇప్పుడు ఎ-ఐ అని రాసేచోట అప్పుడు ఓ-ఐ అని రాసేవారు. "ఎతే", "అవే" లాంటి మాటలు నిఘంటువులో దొరకడం లేదంటే కారణం అదే. ఓ తీసి ఎ పెట్టండి, దొరుకుతుంది. ఫ్రెంచి అకాడమీ 1835 నాటి నిఘంటువులో గానీ ఈ మార్పును ఒప్పుకోలేదు. అకాడమీ పాత నిఘంటువులన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. మీ కాలానికి 1694, 1762 నాటివి దగ్గర పెట్టుకోండి. "జాఁతీ" అంటే ఈ రోజుల్లో మంచివాడు, దయగలవాడు. మీ ఉత్తరాల్లో క్రైస్తవుడూ ముసల్మానూ కానివాడు, అంటే ఎక్కువచోట్ల హిందువు. "బందరు మంచివాళ్ళు" అని రాసేశారో, మళ్ళీ ఎర్రసిరా తప్పదు.

రెండోది తేదీలు. దీన్ని నేను బతిమాలి చెబుతున్నాను. 7 అంకె పక్కన బి-ఆర్-ఇ అని ఉంటే అది జూలై కాదు, సెప్టెంబరు. 8 ఉంటే అక్టోబరు, 9 ఉంటే నవంబరు, రోమన్ పది ఉంటే డిసెంబరు. లాటిన్‌లో సెప్తెం అంటే ఏడు, అందుకని అలా కుదించి రాసేవారు. ఒక ఉత్తరాన్ని ఆగస్టులో వేసుకుని, గాలివాన రాకముందు ఓడ వెళ్ళిపోయిందని ఒక వ్యాసంలో రాశాను. అది అక్టోబరు ఉత్తరం. అప్పటికే అచ్చయిపోయింది. ఆ సవరణ లేఖ రాసిన రోజు నాకింకా గుర్తుంది.

పాతకాగితాలు

తేదీల సంగతి బంగారం లాంటి మాట. చేతిరాత జోలికి ఇప్పుడే వెళ్ళవద్దని దీనికి కలుపుతాను. ఫ్రెంచి ఇండియా చరిత్ర కోసం 1911లో పాండిచ్చేరిలో ఒక సంఘం ఏర్పడింది. గవర్నరుగా కూడా పనిచేసిన ఆల్ఫ్రెడ్ మార్తినో చొరవతో పాండిచ్చేరి కౌన్సిలుకూ పారిస్‌లోని కంపెనీకీ నడిచిన ఉత్తరాలు సంపుటాలుగా అచ్చయ్యాయి. అచ్చులో వంద పేజీలు చదివితే వాళ్ళ మాటతీరు పట్టుబడుతుంది. ఆ తర్వాత చేతిరాతలో సగం మాట కనపడినా మిగతా సగం ఊహకు అందుతుంది.

ఉత్తరం చివర "మీ మిక్కిలి వినయవిధేయ సేవకుడు" అని ఉంటే అందులోంచి బానిస మనస్తత్వం లాంటివి తీయవద్దు. మన పాత ఉత్తరాల్లో "చిత్తగించవలెను" ఉన్నట్టే అదీ ఒక మర్యాద.

యానాం_గోపి

మా ఊళ్ళో 1954 దాకా ఫ్రెంచి పాలన. జనన మరణ నమోదులు, భూమి దస్తావేజులు ఫ్రెంచిలోనే ఉండేవి. మా తాతగారికి మాట్లాడటం అంతంత మాత్రం, దస్తావేజు మాత్రం గడగడా చదివి తెలుగులో చెప్పేవారు. చుట్టుపక్కల వాళ్ళు కాగితం పట్టుకుని మా అరుగు మీదికి వచ్చేవారు. అనువాదిని గారు చెప్పిన పద్ధతి మా అరుగు మీద ఎప్పటి నుంచో ఉంది, మధ్యలో ఇంగ్లీషు ఊసే లేదు.

ఆయన నేర్పిన చిట్కా: మనవాళ్ళ పేరు అర్థం కాకపోతే కళ్ళతో చదవకు, ఫ్రెంచి పద్ధతిలో పైకి చదువు. ఓ-యు కలిస్తే ఉకారం. డి-జె కలిస్తే జ. టి-సి-హెచ్ కలిస్తే చ. సుబ్బారావులూ రాజులూ చెంచయ్యలూ అలా ఒక్కొక్కరే బయటికి వస్తారు. అందుకే ఉచ్చారణ తర్వాతి సంగతి అన్న మాటతో నాకు పేచీ ఉంది. మన చరిత్ర చదవాలనుకునే మనిషికి ఉచ్చారణ మొదటి రోజునే కావాలి.

అనువాదిని

గోపీ, నువ్వు చెప్పిందే సరి. కథలూ వ్యాసాలూ తెచ్చేదాన్ని కనుక నాకు ఆ అవసరం రాలేదు. పేర్ల కోసం ఉచ్చారణ నియమాలు ముందే నేర్చుకోవాలి. పై మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మసులా_తీరం

ఇవన్నీ ఒక నోటుపుస్తకంలోకి ఎక్కించాను. ఇంకో రెండు సందేహాలు. తరగతిలో నేర్పిన భూతకాలం ఈ ఉత్తరాల్లో తక్కువ. ఫ్యూ, ఫి, యూ, వాఁ, ప్రి అని చిన్నచిన్న ముక్కలు ఉన్నాయి. ఇవి ఎలా గుర్తుపెట్టుకున్నారు? రెండోది, 1686లో "ఆఁదియెన్"లను ఫ్రాన్సులో నిషేధించారని ఒకచోట ఉంది. భారతీయ స్త్రీలను నిషేధించడం ఏమిటి?

పాతకాగితాలు

రెండోది ముందు. ఆ వాక్యమే మీ అధ్యాయానికి ప్రాణమమ్మా! చిన్న అక్షరంతో మొదలైతే ఆఁదియెన్ అంటే మనుషులు కాదు, మన రంగు అద్దకం బట్టలు. బందరు, పులికాటు, సూరత్ నుంచి వెళ్ళిన ఆ బట్టల మీద ఫ్రాన్సు జనం ఎంత మోజు పడ్డారంటే, అక్కడి పట్టు, ఉన్ని నేతవాళ్ళ గోల భరించలేక రాజు 1686 అక్టోబరులో దిగుమతినీ తయారీనీ రెండింటినీ నిషేధించాడు. 1759 దాకా ఎత్తివేయలేదు. కోటను పోగొట్టుకున్న ఏడూ, నిషేధం ఎత్తివేసిన ఏడూ ఒకటే. ఇది మీ కంట ఇదివరకే పడి ఉంటుంది.

క్రియల సంగతి. ఫ్యూ అంటే ఉండెను, యూ అంటే కలిగెను, ఫి అంటే చేసెను, వాఁ అంటే వచ్చెను, ప్రి అంటే తీసుకొనెను. నేను కావాలనే గ్రాంథికంలో రాసుకున్నాను. ఆ రూపం ఫ్రెంచిలోనూ మాటల్లో వినపడదు, రాతలోనే ఉంటుంది. మన "వచ్చెను" లాగే. పాతిక క్రియలకు ఇలా పట్టిక చేసుకుంటే ఉత్తరాల్లో ముప్పాతిక వంతు తెరుచుకుంటాయి. "వి" దగ్గర జాగ్రత్త. చూసెను అనీ అవుతుంది, జీవిస్తున్నాడు అనీ అవుతుంది. ఫ్యూ మీద టోపీ గుర్తు ఉంటే అది వేరే రూపం, "అయినా సరే", "అగుగాక" లాంటి చోట వస్తుంది.

ఆధునిక చరిత్రకారుల ఫ్రెంచి చదివేటప్పుడు ఇంకొకటి. "బుస్సీ 1785లో పాండిచ్చేరిలో మరణిస్తాడు" అని భవిష్యత్తులో రాస్తారు. అయిపోయిన దాన్నే అలా చెప్పడం వాళ్ళ అలవాటు. కంగారు పడవద్దు.

ఓరుగల్లు_నుంచి

"వచ్చెను" పోలిక నాకు పరీక్షకు ముందు ఎవరైనా చెప్పి ఉంటే నెల రోజులు కలిసొచ్చేది.

సందేహాలరావు

ఒప్పుకుంటున్నాను, ఇది ఇంగ్లీషు మీదుగా వచ్చే సంగతి కాదు. సరే, "త్వాల్ పాఁత్" అని కూడా ఉంటుందట కదా. కలంకారీ అని రాసేస్తే సరిపోతుందా?

అనువాదిని

సరిపోదు. "పాఁత్" అంటే చిత్రించిన అని అర్థమే అయినా, కలంతో వేసిన బట్టనూ అచ్చుదిమ్మెలతో అద్దిన బట్టనూ రెండింటినీ ఆ కాలంలో అలాగే పిలిచేవారు. కలంకారీ అనేస్తే రచయిత చెప్పని తేడాను మనం చెప్పినట్టు అవుతుంది. నేనైతే "అద్దకం బట్టలు" అని రాసి, పనితనం గురించి ఉత్తరంలో వేరే ఆధారం ఉన్నచోట మాత్రమే కలంకారీ అంటాను.

యానాం_గోపి

అద్దకం అన్నా దిమ్మె వైపు మొగ్గినట్టే కదా? మా అత్తగారి ఊరు పెడన. అక్కడ అద్దకం అంటే దిమ్మె పనే.

అనువాదిని

అది నిజమే. "రంగుల బొమ్మల బట్టలు" అంటే మరీ చప్పగా ఉంది. ఆలోచిస్తాను.

ఏక్స్‌వాసి

ఈ బట్టల మీద చదవాలంటే జెజూయిట్ పాదిరి కేర్‌దూ ఉత్తరాలు వెతకండి. 1742లో ఆయన అద్దకం పని మొదటి నుంచి చివరిదాకా, కరక్కాయ నీళ్ళలో ముంచడం దగ్గర నుంచి వివరంగా రాశాడు. తెలుగు వచ్చిన మనిషి. తెలుగు, ఫ్రెంచి, సంస్కృతం కలిపి ఒక నిఘంటువు కూడా కూర్చాడు. పని తెలిసినవాళ్ళకు ఆ ఉత్తరం ఫ్రెంచి సగం వచ్చినా అర్థమవుతుంది, ఎందుకంటే తర్వాత ఏం చేస్తారో మనకు ముందే తెలుసు.

పాతకాగితాలు

ఇంకా ముందు మెట్టు కావాలంటే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తవెర్నియే. 1676లో పారిస్‌లో అచ్చయిన ఆయన యాత్రల పుస్తకం పారిస్ జాతీయ గ్రంథాలయం వాళ్ళ గాలికా సైటులో ఉచితం. దానికి వాలెంటైన్ బాల్ 1889లో చేసిన ఇంగ్లీషు అనువాదం కూడా దొరుకుతుంది. గోల్కొండ, వజ్రాల గనుల అధ్యాయాలు తీసుకోండి. రోజుకు పది పంక్తులు. ముందు మీరు తెలుగులో రాయండి, తర్వాతే బాల్‌ను చూడండి. ముందే చూస్తే చదివినట్టు భ్రమ కలుగుతుంది, చదువు రాదు.

గణితప్రేమి

వజ్రాల గనులా? నాకూ పది పంక్తులు పంపండి. గ్రోతెన్‌డీక్‌లో వజ్రాలు కనపడవు.

మసులా_తీరం

మూడు వారాల తర్వాత వస్తున్నాను. రోజుకు పది పంక్తులు తప్పలేదు, జ్వరం వచ్చిన రెండు రోజులు ఐదే చదివాను. మొదటి వారం పది పంక్తులకు మూడు గంటలు పట్టింది. ఇప్పుడు గంటంబావు.

నిన్న కొల్లూరు గని దగ్గరికి వచ్చాను. ఆ గనిని ఆ దేశపు భాషలో "గని" అంటారనీ, పారశీకంలో "కులూర్" అంటారనీ తవెర్నియే రాశాడు. అక్కడ "ఓఁ" అనే మాట ఉంది, అనువాదిని గారు చెప్పిన "అంటారు". చదవగానే లేచి నిలబడ్డాను. పదిహేడో శతాబ్దంలో కృష్ణ ఒడ్డున ఎవరినో ఇదేమిటని అడిగి ఉంటాడు. ఎదుటివాడు "గని" అని ఉంటాడు. అదే ఆ చోటి పేరనుకుని రాసుకున్నాడేమో అని నాకు అనిపిస్తోంది. పారశీకం అన్నదే మన కొల్లూరు. బాల్‌ను చూడకముందే ఈ వాక్యం నాకు అర్థమైంది.

ఏక్స్‌వాసి

గని విషయంలో తొందరపడి వ్యాసంలో పెట్టవద్దు. పారశీకంలోనూ గనికి దగ్గరగా "కాన్" అనే మాట ఉంది. రెండు వైపులా చూసి రాయండి. కానీ ఆ లేచి నిలబడటం మాత్రం నాకు తెలుసు.

యానాం_గోపి

మా తాతగారు ఉంటే మిమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టుకునేవారు.

మసులా_తీరం

కాన్ సంగతి రాసుకున్నాను. పారశీకం తెలిసినవాళ్ళను అడుగుతాను. తర్వాతి పేజీలో ఒక పంక్తి దగ్గర ఆగిపోయాను. "న" ఉంది, పక్కన "ప్ల్యూ" ఉంది. ఇక మిగలలేదు అనా, ఎక్కువ లేదు అనా?

పాతకాగితాలు

"న"తో కలిస్తే చాలాసార్లు "ఇక లేదు" అనే. అయితే వెనక "క" ఉంటే పోలిక కావచ్చు. పంక్తి మొత్తం పెట్టండి, ముందు మీ తెలుగు కూడా రాసి పెట్టండి.